రెండంగుళాల మెత్తదనం

"ఇవాళ పిల్ల రాదు. సీటూ రాదు," అందామె, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

అతను అప్పటికే కారు వెనక తలుపు బార్లా తెరిచిపెట్టి మెట్లెక్కి వచ్చాడు. శనివారం ఉదయం తొమ్మిదిన్నర. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం ఇదే తంతు. ముందు పిల్లల సీటు అతని చేతికి అందుతుంది, తర్వాత పిల్ల అందుతుంది. ఆదివారం సాయంత్రం రెండూ అదే వరసలో తిరిగి వస్తాయి. ఉన్నది ఒకటే సీటు, అది రెండు కార్ల మధ్య తిరుగుతోంది. రెండోది కొందామన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాళ్ళు ఇక కలిసేది లేదని ఒప్పుకున్నట్టవుతుంది.

"ఒంట్లో బాగాలేదా దానికి?"

"బాగానే ఉంది. లోపల బొమ్మలకి రంగులేస్తోంది."

"మరింకేంటి?"

"లోపలికి రండి. వీధిలో నిలబడి మాట్లాడే సంగతి కాదు."

'రండి' అన్న మాటకి అతనికి ఎప్పటిలాగే ఒళ్ళు మండింది. కాపురం చేసిన ఆరేళ్ళూ 'నువ్వు' అంది. కోపం వస్తే అంతకంటే కిందకీ దిగింది. వేరుపడ్డ మర్నాటి నుంచి పట్టుకుంది ఈ మర్యాద. తిట్టించుకున్నా ఇంత దూరం అనిపించేది కాదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

ముందుగదిలో భోజనాల బల్ల మీద పిల్లల సీటు పెట్టి ఉంది. దాని పక్కన ఒక కాగితం, కాగితం మీద ఒక పెన్ను. బల్లకి ఆ చివర అత్తగారు కూర్చుని, ఆరిన బట్టలు మడతలు పెడుతోంది. ఇవాళ ఇక్కడ ఏం జరగబోతోందో ఆవిడకి తెలుసు. ఇష్టం లేదనీ తెలుస్తోంది, ఎందుకంటే మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"బాగున్నారా అత్తయ్యా?"

"బాగానే ఉన్నాను బాబూ. మీరిద్దరూ నన్ను బాగుండనిచ్చినంత మటుకు."

అతని గొంతు వినగానే పక్కగదిలోంచి నాలుగున్నరేళ్ళ పిల్ల పరుగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళకి చుట్టుకుంది. ఇంట్లో మాట వీధికీ, వీధిలో మాట ఇంటికీ నిమిషాల మీద మోసేస్తుందని దానికి అమ్మమ్మ 'చిలక' అని పేరు పెట్టింది. అసలు పేరు బడి రికార్డులో తప్ప ఎక్కడా వినిపించదు.

"నాన్నా, నా మెడ మీద గీత పోయింది. చూడు," అని గడ్డం పైకెత్తింది చిలక.

అతను చూశాడు. మెడకి ఎడమపక్క, చెవి కింద, పోయిన ఆదివారం ఎర్రగా ఉన్న చోట ఇప్పుడు లేత గోధుమరంగు చార మాత్రం మిగిలింది.

"పూర్తిగా పోయిందే," అన్నాడు.

"పోకముందే నేను ఫొటో తీశాను," అందామె. "ఆదివారం సాయంత్రం దించి వెళ్ళారు. స్నానం చేయిస్తుంటే కనపడింది. ఏమిటే ఇదని అడిగితే, నాన్న కుక్కని చూసి ఠక్కున ఆపాడు, నేను జర్రున జారాను, బెల్టు నన్ను కోసింది అని మూడు ముక్కల్లో చెప్పింది. మీరు మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

"చిన్న గీత కదా అని..."

"మెడ మీద."

అతను తల దించుకున్నాడు. నిజానికి ఆ రోజు చెబుదామనే గేటు దాకా అనుకుంటూ వచ్చాడు. ఆమె సీటు అందుకుని, పిల్లని అందుకుని, థాంక్స్ అని తలుపు వేసేసింది. ఆ థాంక్స్‌తో అతని నోరు మూతపడింది. చెప్పనందుకు ఇప్పుడు ఎన్ని కారణాలు చెప్పినా అది చెప్పకపోవడమే.

"ముందు ఈ కాగితం చదవండి. లాయరుగారు రాసిచ్చారు," అందామె.

నిలబడే చదివాడు. పెద్దగా ఏమీ లేదు, మూడే పేరాలు. తండ్రి ప్రతి శనివారం రెండు గంటలపాటు తల్లి ఇంట్లోనే బిడ్డని కలుసుకోవచ్చు. ఏ వాహనంలోనూ ఎక్కించుకుని బయటికి తీసుకువెళ్ళకూడదు. మూడో పేరాలో 'తండ్రి నిర్లక్ష్యం వల్ల బిడ్డకి గాయమైనందున' అని ఉంది. అక్కడ అతని చూపు ఆగిపోయింది.

"రెండు గంటలా?" అన్నాడు. "దాన్ని ఎదురింటివాళ్ళే అంతకంటే ఎక్కువసేపు చూస్తారు."

"ఎదురింటివాళ్ళు దాన్ని కార్లో ఎక్కించుకోవడం లేదు."

"నా ఇల్లు ఇక్కడికి రెండు గంటల దారి. కారు లేకపోతే ఎలా వస్తుంది? అక్కడ దానికి మంచం చేయించాను. దాని బట్టలున్నాయి. వారమంతా షాపులో ఎవడు ఏమన్నా పడి ఉంటున్నానంటే ఆ ఒక్క రాత్రి కోసం."

"నాకు తెలుసు."

"తెలిసే రాయించావా?"

"సంతకం పెడితే ఇక్కడితో సరి. పెట్టకపోతే సోమవారం కోర్టులో వేస్తారు. వాళ్ళు ఈ రెండు గంటలైనా ఇస్తారో లేదో."

అత్తగారు తువ్వాలు పక్కన పడేసింది. "కుక్క అడ్డం వస్తే బ్రేకు వెయ్యకుండా ఏం చేస్తారే ఎవరైనా? నువ్వైతే దిగి దణ్ణం పెడతావా?"

"బ్రేకు వేసినందుకు కాదమ్మా నేనడిగేది. బ్రేకు వేస్తే సీట్లో కట్టేసిన పిల్ల ఎందుకు జారాలి? అది చెప్పమను."

"నేను బెల్టు బిగించే పెట్టాను," అన్నాడతను. ఈసారి గొంతు లేచింది. "చిలక మీద ఒట్టు. పదిహేనేళ్ళుగా కారు సీట్లతో బతుకుతున్నవాణ్ణి. సీట్ల గురించి నాకు చెప్పొద్దు."

"అదే కదా వచ్చిన చిక్కు," అందామె మెల్లగా.

అతనిది సీటు కవర్లు కుట్టే షాపు. ఊళ్ళో కొత్త కారు కొన్నవాళ్ళు ముందు అతని దగ్గరికి వచ్చి తర్వాతే ఇంటికి వెళతారు. అంత మంచి పనివాడు. రెండు నెలల కిందట, ప్లాస్టిక్ సీటు వీపుకి గుచ్చుకుంటోంది నాన్నా అని చిలక ఏడిస్తే, రెండు రాత్రులు కూర్చుని ఆ సీటుకి తన చేత్తో కవరు కుట్టాడు. నీలం గుడ్డ, చుట్టూ పసుపు పైపింగు, వీపు దగ్గర ఆకుపచ్చ దారంతో చిలక బొమ్మ. లోపల రెండంగుళాల ఫోము. గట్టి ఫోమైతే పిల్లకి ఒత్తుకుంటుందని, దుకాణంలో షీట్లన్నీ నొక్కి నొక్కి చూసి అన్నింట్లోకీ మెత్తనిది తెచ్చాడు. ఆ సీటు చూసిన రోజున ఆమె కూడా చాలా బాగుందని మనస్ఫూర్తిగా అంది. వేరుపడ్డాక ఆమె నోట అతని గురించి వచ్చిన మంచిమాట అదొక్కటే. దాన్ని అతను చాలా రోజులు దాచుకున్నాడు.

"చిలకా, ఇలా వచ్చి సీట్లో కూర్చో," అందామె.

"బల్ల మీదా?" చిలకకి సంబరం. కుర్చీ మీంచి బల్లెక్కి, సీట్లో ఒదిగి కూర్చుంది.

"బిగించండి. ఎప్పుడూ ఎలా బిగిస్తారో అలాగే."

అతను పట్టీలు రెండు భుజాల మీదుగా తెచ్చి, పొట్ట దగ్గర బకిల్ నొక్కి, కింద వేలాడే పట్టీ తోక పట్టుకుని లాగాడు. చిలక అబ్బా అంది. పట్టీకీ మెడకీ మధ్య వేలు పెట్టి చూపించాడు.

"చూడు. ఒక్క వేలు. రెండోది పట్టదు. ఇంతకంటే బిగిస్తే ఊపిరాడదు దానికి."

"సరే. ఇప్పుడు పట్టీ పొడవు ముట్టుకోకండి."

ఆమె బకిల్ విప్పి పిల్లని ఎత్తి పక్కన నిలబెట్టింది. కవరు వెనకవైపు ముళ్ళు ఒక్కొక్కటే విప్పింది. నీలం గుడ్డనీ, ఫోమునీ కలిపి పైకి లాగేసింది. వట్టి ప్లాస్టిక్ సీటు మిగిలింది. చిలకని మళ్ళీ అందులో కూర్చోబెట్టి, అవే పట్టీలు, అదే పొడవున, బకిల్ పెట్టింది.

పట్టీలు పిల్ల భుజాల మీద వేలాడాయి. ఆమె తన చెయ్యి పట్టీ కిందికి పోనిచ్చింది. వేళ్ళు దూరాయి, అరచెయ్యి దూరింది, మణికట్టు దగ్గర గాజు తగిలి ఆగింది.

"మీరు బిగించింది పిల్లని కాదు. ఫోముని," అందామె.

 చిలక వేలాడే పట్టీని ఉయ్యాల ఊపినట్టు ఊపుకుంటోంది.

"మామూలప్పుడు తెలీదు. గట్టిగా బ్రేకు పడితే పిల్ల బరువంతా ముందుకొస్తుంది, ఫోము అప్పడంలా నలిగిపోతుంది. అప్పుడు మిగిలే బెల్టు ఇదే. మీరు ఏ నలభైలోనో వెళుతున్నారు కాబట్టి గీతతో పోయింది. అరవైలో వెళ్ళుంటే?" ఆమె పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "నేను ఎక్స్‌రే గదిలో పనిచేస్తాను. నెలకి ఇద్దరో ముగ్గురో పిల్లలొస్తారు, కాలర్ బోన్ విరిగి. కదలకు నాన్నా, ఒక్క నిమిషం కదలకు అని నేనే చెప్పాలి వాళ్ళకి. బయట బెంచీ మీద తల్లీ తండ్రీ కూర్చుని, గట్టిగానే కట్టామండీ, గట్టిగానే కట్టామండీ అంటూ ఉంటారు. అందరూ అదే మాట."

అతను బల్ల మీద పడి ఉన్న తన కుట్టుపని వంక చూశాడు. బొటనవేలితో ఫోముని నొక్కాడు. వేలు అడుగంటా దిగిపోయింది. తీయగానే మళ్ళీ ఏమీ ఎరగనట్టు పైకి లేచింది. పదిహేనేళ్ళలో కొన్ని వందల మంది ఆ మెత్తదనాన్నే మెచ్చుకుని వెళ్ళారు.

"నాకు తట్టలేదు," అన్నాడు చివరికి. "నిజంగా తట్టలేదు. దాని వీపు నొప్పి తప్ప ఇంకేం ఆలోచించలేదు."

"తెలిసి చేశాడటే? ప్రేమకొద్దీ చేసుకున్నాడు," అంది అత్తగారు.

"ప్రేమ కాదని నేనన్నానా అమ్మా? తెలియక చేస్తే దెబ్బ తగలదా?"

 అతను పిల్లని సీట్లోంచి దించి నేల మీద నిలబెట్టాడు. ఏదో ఒక పని చేతికి లేకపోతే నిలవలేని మనిషి. ఖాళీ సీటుని తన వైపు తిప్పుకున్నాడు. కవరు కట్టిన ముళ్ళ దగ్గర ప్లాస్టిక్ ఏమైనా అరిగిందేమో చూద్దామని వేళ్ళతో తడిమాడు. వీపు భాగం కిందికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి.

"ఇదేంటి?"

బెల్టు దూరే కంత పక్కనుంచి జానెడు పొడవున ఒక తెల్లటి చార. పైన గీసుకున్నది కాదు. ప్లాస్టిక్ లోపల్లోపలే వంగి, విరగబోయి ఆగినప్పుడు పడే తెలుపు. ఇన్నాళ్ళూ దాని మీద నీలం కవరు ఉండడం వల్ల ఎవరి కంటా పడలేదు.

ఆమె కంటా ఇప్పుడే పడింది. పడీ పడగానే అది ఏ రోజుదో తెలిసిపోయింది.

మూడు వారాల కిందట, ఒక బుధవారం మధ్యాహ్నం. తోటి ఉద్యోగిని రాకపోతే రెండు డ్యూటీలు వరసగా చేసి, బడి నుంచి చిలకని ఎక్కించుకుని వస్తోంది. రోడ్డు పక్కన ఒక లారీ ఆగి ఉంది. అది కనపడింది కూడా. కళ్ళు ఎంతసేపు మూతపడ్డాయో ఆమెకి ఈనాటికీ తెలియదు. ధన్‌మన్న చప్పుడుకి తెరుచుకునేసరికి బానెట్టు మడతపడి ఉంది, వెనక సీట్లో చిలక నోరు తెరిచి, ఏడుపు రాక, ఊపిరి బిగబట్టి చూస్తోంది. తర్వాత ఏడ్చింది. తను పిల్ల ఒళ్ళంతా తడిమి చూసింది, ఎక్కడా గాయం లేదు. అక్కడికి దగ్గర్లోనే షెడ్డులో కారు వదిలి ఆటోలో వచ్చేశారు. శుక్రవారానికల్లా బానెట్టు బాగైంది. అమ్మమ్మతో చెప్పకమ్మా, భయపడుతుంది, చెప్పకపోతే మంచి పిల్లవి అని ఆటోలో ఒక్కసారి అంది. చిలక ఎక్కడ ఊరుకుంటుంది, సాయంత్రానికి కక్కేస్తుందిలే అనుకుంది. చెప్పలేదు. పిల్ల మర్చిపోయిందనుకుంది.

సీటుని మాత్రం ఆమె విప్పి చూసుకోలేదు. ఎక్స్‌రే తీసే మనిషికి, పైకి బాగున్నవన్నీ లోపల బాగుండవని తెలిసిన మనిషికి, ఆ ఒక్క ఆలోచనా రాలేదు. అందమైన కవరు కింద అంతా భద్రంగా ఉందనుకుంది.

"నా బ్రేకుకేనా?" అన్నాడతను.

ఆమె వినిపించుకోనట్టు నిలబడింది.

"అంత గట్టిగా వేశానా? సీటే విరగబోయేంత?" అతను చార మీద వేలు తీయలేదు. "నేను పెద్దగా ఏం కాలేదనుకున్నాను. ఇది ఇంకొంచెం వంగి ఉంటే బెల్టుతో సహా ఊడిపోయేది. పిల్ల ముందు అద్దానికి..." 

చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. ఆ తెరవడం నిజమే. కానీ బల్ల మీద కాగితం ఉంది, అందులో మూడో పేరా ఉంది. 'నిర్లక్ష్యం' అన్న మాట పక్కన 'తండ్రి' కొట్టేసి 'తల్లి' అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? కునుకు తీస్తూ నిలబడ్డ లారీని గుద్దిన తల్లి, ఆ సంగతి దాచి, కుక్కని తప్పించబోయిన తండ్రి మీద కేసు వేసింది అంటారు. వారంలో ఆరు రోజులు ఎవరి దగ్గర ఉండాలి పిల్ల అని అడుగుతారు. అప్పుడు ఏమని చెబుతుంది? 

"ఆ సీటు ఇక పనికిరాదు," అంది. "కొత్తది కొనాలి."

అబద్ధం కాదు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. అతను దాన్ని తన ప్రశ్నకి జవాబుగా తీసుకుంటాడని ఆమెకి తెలుసు. తీసుకున్నాడు.

పెన్ను అందుకున్నాడు.

"ఇవాళే పెట్టాలా బాబూ? కొంచెం ఆలోచించుకోండి. వారం తర్వాత పెడితే ఏం పోయింది?" అంది అత్తగారు.

"పోయేది దాని ప్రాణమే కదత్తయ్యా. ఇంకేం ఆలోచించను?" అని చరచరా సంతకం పెట్టేశాడు. "ఆమె చెప్పిందాంట్లో తప్పేం లేదు. నా కారెక్కితే దానికి మంచిది కాదు."

ఆమె ఆ మాట వింటూ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అతను దెబ్బలాడితే తట్టుకోవాలని రాత్రంతా మనసు గట్టిచేసుకుంది. ఒప్పుకుంటే ఏం చేయాలో అనుకోలేదు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని చిలక ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"ఇకనుంచి నువ్వు మనింటికి రానక్కర్లేదురా. నేనే వస్తాను ఇక్కడికి, ప్రతి శనివారం."

"మరి నా మంచం?"

"మంచం ఎక్కడికీ పోదు."

"దాని మీద ఎవరు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు."

చిలక తండ్రిని చూసింది. బల్ల మీద తెల్ల చార ఉన్న సీటుని చూసింది. తర్వాత తల తిప్పి తల్లిని చూసింది. పెదవులు విడివడ్డాయి. ఇంట్లో ఏ మాటా పూటైనా కడుపులో దాచుకోని పిల్ల, ఆ పెదవుల్ని లోపలికి లాక్కుని పళ్ళతో బిగపట్టింది. అతనికి అది ఏడుపు ఆపుకోవడంలా కనిపించి, దగ్గరికి తీసుకుని వీపు నిమిరాడు. ఆమెకి అలా కనిపించలేదు.

"ఇవాళ రెండు గంటలు ఉండొచ్చు. కాగితంలో ఉంది," అందామె. 

"వచ్చేవారం. ఇవాళ దాని ముఖం చూడలేను," అంటూ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ కవరు పారెయ్యి. ఇంట్లో ఉంచకు. మళ్ళీ ఎవరైనా వేస్తారు," అన్నాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. వచ్చినప్పటి నుంచి తెరిచే ఉన్న కారు వెనక తలుపుని నెమ్మదిగా మూశాడు. చుట్టూ తిరిగి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కూర్చుని, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

వెళ్ళు, వెళ్ళి చెప్పు అని ఆమెకి లోపల ఎవరో అంటున్నారు. సంతకం పెట్టిన కాగితం చేతిలోకి ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు. గుమ్మం దాకా నడిచింది. గుమ్మం దాటలేదు.

చీర కుచ్చిళ్ళని కింది నుంచి ఎవరో లాగారు.

"అమ్మా," అంది చిలక, తల పైకెత్తి. ముఖం మెచ్చుకోలు కోసం వెలిగిపోతోంది. "నేను చెప్పలేదు చూశావా? నాన్న అడిగినా చెప్పలేదు. మంచి పిల్లనే కదా?"

వెనక బట్టలు మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఏం చెప్పలేదే నువ్వు?" అంది అమ్మమ్మ.

 చిలక చెప్పనా వద్దా అన్నట్టు తల్లి కళ్ళలోకే చూస్తూ నిలబడింది. బయట కారు స్టార్టయింది.